మన ఛాతీలో పదకొండు చీరలు

అమ్మ ఒక తడిచీరను ఉండచుట్టి మూలపెట్టి మరిచిపోయిందనుకోండి. సాయంత్రానికైనా అది ఆరదు సరికదా, ముక్కిపోయిన వాసన వేస్తుంది. అదే చీరను దండెం మీద పరిస్తే ఎండలో గంటకల్లా ఆరిపోతుంది. చీరా అదే, నీరూ అదే. తేడా అల్లా, గాలికి తగిలే మేర ఎంత అన్నదే.

ఊపిరితిత్తుల సంగతీ ఇంతే. వాటిలో ఒక పల్చని పొరకు ఒకవైపు గాలి, మరొకవైపు రక్తం ఉంటవి. ఆ పొరగుండానే ప్రాణవాయువు రక్తంలోకి దిగాలి, బొగ్గుపులుసు వాయువు బయటికి రావాలి. దీన్ని తోసే మర ఏదీ లేదు; వాయువు దానంతట అదే ఇంకాలి. రక్తమేమో అక్కడ ముప్పాతిక సెకను మాత్రమే నిలుస్తుంది! అంతలో పని ముగియాలంటే రక్తాన్ని బాగా పల్చగా, బాగా వెడల్పుగా పరచక తప్పదు.

ఊపిరితిత్తులు వట్టి బుడగల వంటి రెండు సంచులే అయితే, మూడు లీటర్ల గాలి పట్టే సంచులకు లోపలి మేర ఒక పెద్ద చేతిరుమాలంత ఉంటుంది. ఊరికే కూర్చున్న మనిషికే నిమిషానికి పావులీటరు ప్రాణవాయువు కావాలి. చేతిరుమాలు ఏ మూలకు?

10 సెంటీమీటర్ల ఘనంగా ఉన్న బెల్లం అచ్చును తీసుకోండి. (కాగితం మీద చాలు, బెల్లం పాడుచెయ్యనక్కరలేదు.) దాని ఆరు ముఖాల మేర 600 చదరపు సెంటీమీటర్లు. దాన్ని సెంటీమీటరు ముక్కలుగా కోస్తే 1000 ముక్కలు, 6000 చదరపు సెంటీమీటర్లు! బెల్లం రవ్వంతైనా పెరగలేదు.

ఊపిరితిత్తులు చేసేదీ ఇదే. పెద్దవాళ్ళలో సుమారు 48 కోట్ల గాలితిత్తులున్నవి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో అయిదోవంతు. అన్నీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే పదకొండు చీరలు. ఒంటిమీది చర్మమంతా కలిపినా రెండు మీటర్లకు మించదు. ఈ పదకొండు చీరల మీదా ఏ క్షణాన చూసినా పరుచుకుని ఉండే రక్తం ఒక చిన్న టీగ్లాసుడే!

కాని ఒక చిక్కుంది. తడి బుడగ ఎంత చిన్నదైతే అంత గట్టిగా ముడుచుకుపోవాలని చూస్తుంది. అలా కాకుండా గాలితిత్తుల లోపల సబ్బువంటి జిడ్డు పదార్థం ఒకటి పూసి ఉంటుంది. అది బిడ్డ తల్లికడుపులో ఉన్న చివరి వారాలలోగాని చాలినంత తయారు కాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు కొందరు ఊపిరాడక చనిపోయేది అందుకేనని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అనే అమెరికా వైద్యశాస్త్రజ్ఞులు కనిపెట్టారు. అయినా అప్పటికి మందు లేదు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ఈ జబ్బుతోనే రెండు రోజులు నిండకుండా పోయాడు. అధ్యక్షుడి బిడ్డ అయినా వైద్యులు ఏమీ చెయ్యలేకపోయారు.

1980లో జపాను వైద్యుడు ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన అటువంటి పదార్థాన్నే పదిమంది పసికందుల ఊపిరిగొట్టంలో పోసి చూశాడు. ముడుచుకున్న తిత్తులు విచ్చుకున్నవి. ఈనాడు ఆసుపత్రులలో ఆ మందు వాడుతున్నారు. కిలో బరువున్న బిడ్డకు ఒక చెంచాడైనా పట్టదు.