మీకు తెలుసా? చిన్న చిప్పులోనూ తెలుగు పేజీ పడుతుంది

అనకాపల్లి జిల్లా చోడవరంలో, చెరకు పొలం మోటారును ఫోన్‌తో నడిపే పెట్టె పెట్టుకుంటే, అది చూపే పేజీ తెలుగులోనే ఉండాలి. తెలుగు అక్షరాలు చోటు ఎక్కువ తింటాయన్న అభ్యంతరం సగమే నిజం. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటు చాలు, ‘క’కు 3 కావాలి, గుడి చేర్చి ‘కి’ అంటే 6. కానీ ఒక్కో తెలుగు గుర్తుకు పట్టే ఆ మూడింటిలో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే. రెండోదానికి ఉన్నవి రెండే విలువలు. పదేపదే వచ్చేదాన్ని కుదించడమే జీజిప్ పని కనుక తెలుగు పేజీ బాగా చిక్కిపోతుంది. పేజీని ముందే కుదించి పెట్టెలోని చిప్పులో దాచి, అలాగే పంపితే సరి. విప్పుకునే పని ఫోన్‌లోని బ్రౌజర్‌ది. తెలుగు ఫాంటు కూడా ఫోన్‌లోనే ఉంటుంది, పంపక్కర్లేదు.

అసలు బరువు వేరేచోట ఉంది. చవకగా దొరికే ఈఎస్‌పీ8266 చిప్పులో ప్రోగ్రాము డేటాకు దక్కే ర్యామ్ సుమారు 80 కిలోబైట్లు. వెబ్ పేజీల్లో వాడే జేక్వెరీ 3.6 లైబ్రరీ ఒక్కటే, ఖాళీలూ వ్యాఖ్యలూ తీసేశాక కూడా, దాదాపు 87. జీజిప్ చేస్తే 30 దాకా దిగుతుంది, ముక్కలుగా పంపనూవచ్చు. అయినా మోటారు వేసే, ఆపే రెండు బటన్లకు అంత సరంజామా దేనికి? మెమరీ చవకే కదా అంటారు. ప్రోగ్రామును దాచే ఫ్లాష్ మెమరీ వరకు ఒప్పుకోవచ్చు గానీ చిప్పు లోపలి ర్యామ్‌ను పెంచలేం. పైగా వైఫై మీద అప్‌డేట్ చేయాలంటే పాత ప్రోగ్రాము ఉండగానే కొత్తదానికీ ఫ్లాష్‌లో చోటుండాలి. పరికరాలు తయారుచేసేవారికి ఒక్కటే మనవి: చోటు చాలకపోతే ముందు అలంకారాలు తీసేయండి, తెలుగునూ, ఇతరులు మోటారు నడపకుండా ఆపే పాస్‌వర్డు రక్షణనూ ఉంచండి.