మందిచ్చే చేతికి తెలియాల్సిన విశేషాలు

బంగారుపేట నుంచి కుప్పం వెళ్లే రైలు దారిలో కామసముద్రం ఒక స్టేషన్. ఒకవైపు కోలారు బంగారు గనులున్న కేజీఎఫ్, మరోవైపు ఆంధ్ర సరిహద్దు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపించే ఈ సీమ నుంచి నర్సింగ్‌లో చేరే పిల్లల కోసం ఈ విశేషాలు. డాక్టరు రాసిన మందు రోగి ఒంట్లోకి వెళ్లే ముందు దాన్ని చివరగా చూసేది నర్సే. అంతకుముందు ఎక్కడ పొరపాటు జరిగినా ఆమె ఆపగలదు. ఆమె చేతిలో జరిగితే మాత్రం ఆపడానికి ఇంకెవరూ ఉండరు.

◆ బంగారమూ మందే
కోలారు గనుల్లో తవ్వి తీసిన లోహం ఒకప్పుడు సూదిమందుగా కూడా పనికొచ్చింది. 1929లో ఫ్రెంచి వైద్యుడు జాక్ ఫోరెస్టియే కీళ్లవాతానికి బంగారు లవణాల ఇంజెక్షన్లు వాడి ఫలితం చూపాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ప్రపంచమంతటా వాటిని వాడారు. మూత్రపిండాలకూ రక్తకణాలకూ హాని చేసే మందు కనుక, వాడుతున్నన్నాళ్లూ మూత్రంలో ప్రొటీన్ పోతోందా, రక్తకణాలు తగ్గాయా అని పరీక్షలు చేయిస్తూ ఉండాల్సి వచ్చేది. ఆ ఫలితం చూశాకే తర్వాతి సూది. ఎంత విలువైన మందుకైనా ఈ నియమం తప్పదు.

◆ వారానికి ఒక్కసారే
బంగారు సూదులను వెనక్కి నెట్టిన మందు మెథోట్రెక్సేట్. దాని వెనక ఉన్నది మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది, దానికి ఎదురు పనిచేసే మందులనూ తయారుచేసింది. క్యాన్సర్‌కు పుట్టిన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి తక్కువ మోతాదులో వారానికి ఒక్కసారే ఇస్తారు. పొరపాటున రోజూ వేస్తే నోరు పూస్తుంది, ఎముక మజ్జ దెబ్బతింటుంది, ప్రాణమే పోవచ్చు. దాని దుష్ప్రభావాలు తగ్గించడానికి వేరే రోజున ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం. రెండూ చిన్న పసుపు బిళ్లలుగానే దొరకవచ్చు. అందుకే ఏ బిళ్ల ఏ రోజో చార్టులో రాయాలి, రోగి చేత పైకి చెప్పించుకోవాలి.

◆ సైనైడ్ ఉన్న సీసా
కేజీఎఫ్‌లో కొండల్లా కనిపించే సైనైడ్ దిబ్బలు ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ముడిరాయిలోంచి బంగారాన్ని సైనైడ్‌తో తీశాక మిగిలిన మట్టి అది. ఐసీయూలో రక్తపోటును వేగంగా దించే సోడియం నైట్రోప్రుసైడ్ అణువులో కూడా అయిదు సైనైడ్ గుంపులున్నాయి. వెలుతురు తగిలితే ఆ మందు చెడిపోతుంది, అందుకే సీసాకు రేకు చుట్టి ఎక్కిస్తారు. ఎక్కువ మోతాదులో, ఎక్కువ సేపు ఎక్కితే ఒంట్లో సైనైడ్ పేరుకుంటుంది. విరుగుడుగా సోడియం థయోసల్ఫేట్ ఇస్తారు.

◆ రాతి దుమ్ము, ఎర్రటి మూత్రం
మనదేశంలో సిలికోసిస్‌ను మొదట గుర్తించింది కోలారు బంగారు గనుల్లోనే అని, 1947లో అని వైద్య పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అక్కడ 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే 43.7 శాతం మందిలో ఆ జబ్బు కనిపించింది. రాతి దుమ్ముతో పాడైన ఊపిరితిత్తులను క్షయ తేలిగ్గా పట్టుకుంటుంది. క్షయ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ ఎరుపులోకి మారుతుంది. దీనివల్ల ప్రమాదం లేదు. కానీ ముందుగా చెప్పకపోతే రక్తం పడుతోందని భయపడి మందు మానేసేవారుంటారు. రోజుకు ఎన్ని బిళ్లలన్నది రోగి బరువును బట్టి ఉంటుంది కాబట్టి బరువు తూచాకే బిళ్లలు లెక్కపెట్టాలి.

◆ పాము కాటుకు చిన్నా పెద్దా తేడా లేదు
దాదాపు అన్ని మందులూ పిల్లలకు బరువును బట్టి తగ్గిస్తాం. పాము విషానికి విరుగుడు మాత్రం పసివాడికీ పెద్దవాడికీ ఒకే మోతాదు, ఎందుకంటే పాము మనిషి సైజు చూసి విషం తగ్గించదు. మొదటి విడతగా 10 వయల్స్ సెలైన్‌లో కలిపి ఎక్కించడం సాధారణ పద్ధతి. పొడిని కరిగించేటప్పుడు వయల్‌ను గట్టిగా ఊపితే నురగ కడుతుంది, మెల్లగా తిప్పాలి. టెస్ట్ డోస్ అక్కర్లేదు. దద్దుర్లో ఆయాసమో వస్తే వెంటనే తొడ కండరంలోకి ఇవ్వడానికి అడ్రినలిన్ పక్కనే సిద్ధంగా ఉండాలి. పాముకాటు కేసులను తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాలని కర్ణాటక 2024లో ఆదేశించింది.

◆ “మీరేనా?” అని అడగొద్దు
కోలారు సీమలో ఏ వార్డులో చూసినా ఇద్దరు ముగ్గురు వెంకటమ్మలు, మునియప్పలు కనిపిస్తారు. “వెంకటమ్మ మీరేనా అవ్వా?” అని అడిగితే మగతలోనో చెవి సరిగా వినపడకో ఎవరైనా “ఊ” అనేస్తారు. “మీ పేరు చెప్పవ్వా, మీ ఊరు ఏది?” అని అడిగి, వచ్చిన జవాబును చేతి పట్టీతోనూ కేస్ షీటుతోనూ సరిపోల్చాలి. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. ఈ అయిదింటిలో మొదటిది తప్పితే మిగతా నాలుగూ సరిగ్గా ఉన్నా ఉపయోగం లేదు.

◆ ఒక్క లేబుల్, మూడు చూపులు
బీరువాలోంచి తీసేటప్పుడు ఒకసారి, సిరంజిలోకి ఎక్కించే ముందు రెండోసారి, రోగికి ఇచ్చే ముందు మూడోసారి లేబుల్ చదవాలి. ఇంకొకరు లోడ్ చేసి పెట్టిన సిరంజిని ఎంత నమ్మకమైన స్నేహితురాలు ఇచ్చినా వాడకూడదు, అందులో ఏముందో మనం చూడలేదు కదా.

◆ మూత రంగు చూడండి
మనదేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 20 గీత వరకు తీస్తే వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. రక్తంలో చక్కెర అమాంతం పడిపోవడానికి అది చాలు. వయల్ మీది అంకె, సిరంజి మీది అంకె ఒక్కటైతేనే మందు తీయాలి.

◆ నేరుగా ఎక్కించకూడని ఆంపుల్
పొటాషియం క్లోరైడ్ 10 మిల్లీలీటర్ల ఆంపుల్ చూడటానికి నీళ్ల ఆంపుల్‌లాగే ఉంటుంది. దాన్ని పలుచన చేయకుండా నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపి, బాగా కలిసేలా సీసాను తిప్పి, నెమ్మదిగా మాత్రమే ఎక్కించాలి. ఈ ఆంపుళ్లను మిగతా మందులతో కలపకుండా వేరుగా, లేబుల్ అంటించి, తాళం వేసి ఉంచడమే మంచి వార్డు పద్ధతి.

◆ చుక్కల మందు వేరు, సిరప్ వేరు
పసిపిల్లల పారాసిటమాల్ చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటాయి. 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములుండే సిరప్‌లో మిల్లీలీటరుకు 25 మాత్రమే. అంటే చుక్కల మందు నాలుగు రెట్లు ఘాటు. అందుకే తల్లికి “ఒక మూత పోయమ్మా” అని చెప్పి పంపకూడదు. ఏ సీసా, ఎన్ని మిల్లీలీటర్లు అన్నది గీత పెట్టి చూపించాలి.

◆ నోటికి రావాల్సిన లెక్క
మామూలు సెలైన్ సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో ఎక్కాలంటే 500ను 20తో గుణించి 240 నిమిషాలతో భాగించాలి: నిమిషానికి దాదాపు 42 చుక్కలు. మైక్రోడ్రిప్ సెట్‌లో 60 చుక్కలు ఒక మిల్లీలీటరు. కాబట్టి గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్నే చుక్కలు. వేరే లెక్కే అక్కర్లేదు.

◆ రాగి సంకటికి ముందే
థైరాక్సిన్ మాత్ర పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. కనీసం అరగంట, వీలైతే గంట ఆగాకే కాఫీ, టిఫిను. కాల్షియం ఈ మందును ఒంటికి పట్టనివ్వదు, మన రాగుల్లో కాల్షియం సమృద్ధిగా ఉంది. రాగి మానాల్సిన పని లేదు, వేళ పాటిస్తే చాలు. ఐరన్, కాల్షియం మాత్రలకైతే నాలుగు గంటల ఎడం ఉండాలి.

◆ నర్సు కూడా ఫిర్యాదు చేయవచ్చు
2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘హాని లేని మందు’ అనే ఉద్యమం మొదలుపెట్టింది. మందుల పొరపాట్లకు ప్రపంచం ఏటా 4,200 కోట్ల డాలర్లు మూల్యం చెల్లిస్తోందని అప్పుడు అంచనా వేసింది. మనదేశంలో మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీని కేంద్రం, ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024. డాక్టర్లే కాదు, నర్సులూ రోగులూ కూడా చెప్పవచ్చు. మందిచ్చాక ఆ మనిషి పక్కన ఎక్కువసేపు ఉండేది నర్సే కాబట్టి, కొత్తగా వచ్చిన దద్దురునూ మగతనూ అందరికంటే ముందు ఆమే చూస్తుంది. ఆ చూసినదాన్ని రాసిపెట్టి, పైకి తెలియజేయడం కూడా మందివ్వడంలో భాగమే.