వార్తల్లో పదం: స్పెక్ వర్క్

డిజైనర్, కాపీ రైటర్, వీడియో ఎడిటర్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూతో పాటు ‘టెస్ట్ ప్రాజెక్టు’ కూడా మామూలైపోయింది. పైసా ఇవ్వకుండా, పని ఇస్తామన్న హామీ లేకుండా ముందే చేయించుకునేదాన్ని స్పెక్ వర్క్ అంటారు. గంటలో తేలే చిన్న పరీక్షయితే సరే. కంపెనీ రేపు అమ్మబోయే సరుకుకే లోగో, మూడు పోస్టర్లు, నెలకు సరిపడా ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు సోమవారానికల్లా పంపమంటే అది పరీక్ష కాదు, వెట్టి.

టొరంటోలోని జులు ఆల్ఫా కిలో అనే యాడ్ ఏజెన్సీ 2015లో దీనిమీద ఒక వీడియో తీసింది. అందులో ఒకాయన కాఫీ, టిఫిన్, జిమ్ శిక్షణ, అన్నీ ముందు ఊరికే ఇమ్మంటాడు. ఎవరూ ఒప్పుకోరు. ఎందుకు ఒప్పుకుంటారు మరి!

మన దగ్గర అభ్యర్థికి ఆసరా 1957 నాటి కాపీరైట్ చట్టం. ఉద్యోగంలో చేరకుండా, డబ్బు తీసుకోకుండా గీసిన పోస్టర్‌కు 17వ సెక్షన్ ప్రకారం తొలి హక్కుదారు గీసినవారే. సంతకంతో రాసిస్తే తప్ప ఆ హక్కు కంపెనీకి బదిలీ కాదని 19వ సెక్షన్ చెబుతోంది. కాకపోతే రక్షణ గీసిన బొమ్మకే, వెనకున్న ఐడియాకు లేదు. చిక్కంతా అక్కడే.

పంపే ప్రతి ఫైల్ మీదా పేరు, తేదీ, వాటర్‌మార్క్ వేయండి. ఒరిజినల్ ఫైళ్లు మీ దగ్గరే ఉంచుకోండి. దరఖాస్తులో ‘ఐ అగ్రీ’ నొక్కేముందు హక్కుల పేరా చదవండి.