మిరప కల్లం, ఉబ్బసం

ఉబ్బసం ఉన్నవాళ్ళు దుమ్ముకీ పొగకీ దూరంగా ఉండాలంటారు డాక్టర్లు. మంచి మాటే. కాని చర్ల మండలంలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప చేలకు పోయే మాల, మాదిగ, కోయ ఆడవాళ్ళు దేనికి దూరంగా ఉండాలి, కూలికా?

ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కొంత వాచే ఉంటుంది. పైకి మనిషి బాగానే కనిపిస్తుంది. రెచ్చగొట్టేది ఏదో తగిలిందా, గొట్టం చుట్టూ కండరం బిగుసుకుంటుంది, పొర ఇంకా ఉబ్బుతుంది, కళ్ళె అడ్డం పడుతుంది. పిల్లికూతలు, ఆయాసం, తెల్లవారుజామున దగ్గు. రెచ్చగొట్టేవి మాత్రం అందరికీ ఒకటి కావు. పట్నం పుస్తకాల్లో తివాచీ దుమ్మూ పెంపుడు పిల్లీ ముందుంటాయి. గోదావరి ఒడ్డున వరస వేరు.

ఇక్కడ ముందు మిరపకాయని చెప్పుకోవాలి. ఎండుకాయ కల్లంలో ఏరుతున్నా, తాలుకాయ వేరుచేస్తున్నా, బస్తాలో తొక్కుతున్నా లేచే దుమ్ములో కాప్సైసిన్ ఉంటుంది. ఇది అలర్జీ కాదు. నరాల కొసల్ని నేరుగా మండిస్తుంది. ప్రయోగశాలలో మనిషికి దగ్గు తెప్పించి పరీక్షించడానికి వాడేది దీన్నే. ఈ మంటని పట్టే గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. 2021లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. కల్లంలో కూచున్నామెకి మూతికి చుట్టుకున్న చీరకొంగే దిక్కు. సన్నదుమ్ము ఆ నేతలోంచి దూరిపోతుంది. మిరపకి కొట్టే పురుగుమందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ రకాలకైతే గొట్టాల కండరాన్ని బిగించే గుణమే ఉంది.

చలిగాలి కూడా దమ్ము లేపుతుంది. పొద్దున్నే మంచులో చేనుకి, సాయంత్రం కట్టెల పొయ్యి ముందుకి. మార్చిలో ఇప్పపువ్వు ఏరడానికి చెట్లకింద ఆకు తగలబెడతారు, ఆ పొగ ఒకటి. గ్యాస్ కోసం 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాయి. బండ ఇంట్లో ఉన్నంత మాత్రాన పొయ్యి ఆరదు, మళ్ళీ నింపించడానికి డబ్బు కావాలి గదా.

ఈ చేలకి సరిహద్దు అవతలి నుంచి పిల్లలూ వస్తారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, ఈ పక్కనే ఉన్న పేరూరు మిరప చేల నుంచి బీజాపూర్‌కు నడిచిపోతూ పన్నెండేళ్ళ కూలిపిల్ల దారిలోనే చనిపోయింది. ఆమెది ఉబ్బసం కాదు. ఆ దుమ్ము ఏ వయసు ఊపిరికి తగులుతోందో తెలియాలనే చెప్తున్నాం. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం ఫ్యాక్టరీ కార్మికుణ్ణి చూసింది, మిరప కల్లం దాని కంటికి ఆనలేదు.

ఆయాసం వచ్చినప్పుడు ఒక ఇంజెక్షన్ పొడిపించుకుని మర్నాడు మళ్ళీ కల్లానికి పోవడం వైద్యం కాదు. వాపుని తగ్గించేది పీల్చే స్టెరాయిడ్, అదీ రోజూ. అప్పటికప్పుడు ఉపశమనమిచ్చే సాల్బుటమాల్ ఒక్కదాని మీదే పెద్దవాళ్ళనీ పెద్దపిల్లల్నీ నడపొద్దని 2019 నుంచి అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు చెప్తున్నాయి. కోతలు మొదలయ్యేలోపే ఈ రెండు రకాల ఇన్హేలర్లూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలని అడుగుదాం. పిల్లలకి మందు లోపలికి పోవడానికి స్పేసర్ కావాలి. ఖరీదైనదేం అక్కర్లేదు. అరలీటరు ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్హేలర్ మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేస్తే చాలు. కొన్న స్పేసర్‌కి అది తీసిపోదని దక్షిణాఫ్రికా డాక్టర్లు 1999లోనే చూపించారు.