బదిలీ ఆగదు, కాన్పూ ఆగదు

సైన్యంలో బదిలీ ఉత్తర్వుది పొడి భాష. ఎవరు, ఏ యూనిట్ నుంచి ఏ యూనిట్‌కు, ఏ తేదీలోగా. అంతే. ఇంట్లో భార్యకు ఏడో నెల వచ్చిందన్న సంగతికి ఆ కాగితంలో చోటుండదు. జోధ్‌పూర్ నుంచి తేజ్‌పూర్‌కో, ఝాన్సీ నుంచి జమ్మూకో వెళ్లమని కబురు వచ్చిన రోజున సైనికుడి క్వార్టర్లో రెండు లెక్కలు మొదలవుతాయి. కొత్త చోట రిపోర్టు చేయడానికి ఇంకెన్ని రోజులున్నాయన్నది ఒకటి. నెలలు నిండటానికి ఇంకెన్ని వారాలున్నాయన్నది మరొకటి. మొదటి లెక్కను మార్చాలంటే పై అధికారి మనసు కరగాలి. రెండో దాన్ని మార్చడం ఎవరి వల్లా కాదు.

ఇదేదో ఎప్పుడో ఒకరికి ఎదురయ్యే చిక్కు కాదు. 2022లో అగ్నిపథ్ వచ్చేదాకా ఉన్న పద్ధతిలో జవాను 18-20 ఏళ్లకు సైన్యంలో చేరతాడు. సిపాయిగానే మిగిలితే నలభై దాటకుండానే పెన్షన్‌తో ఇంటికొస్తాడు. అంటే పెళ్లి, పిల్లలు అన్నీ సర్వీసులోనే. చూస్తే ఒకచోట రెండు మూడేళ్లకు మించి నిలవని కొలువు. అలాంటప్పుడు ఏదో ఒక కాన్పు ఏదో ఒక బదిలీకి అడ్డుపడకుండా ఉంటేనే ఆశ్చర్యపోవాలి.

సైనిక కుటుంబాలకు ఊళ్లన్నీ రెండే రకాలు: పీస్, ఫీల్డ్. పీస్ స్టేషన్ అయితే, క్వార్టరు దొరికితే, భార్యాపిల్లలు వెంట ఉండొచ్చు. ఫీల్డ్ అయితే జవాను ఒక్కడే వెళ్లాలి. అప్పుడు గర్భిణి ముందు మూడు దారులుంటాయి. అత్తిల్లు, పుట్టిల్లు, లేదంటే ఫీల్డ్‌కు వెళ్లినవారి కుటుంబాల కోసం కంటోన్మెంట్లలో విడిగా కేటాయించే ఇళ్లు. ఈ మూడో దారిలో సైనిక ఆస్పత్రి పక్కనే ఉంటుంది, మనిషి తోడు మాత్రం ఉండదు. పైగా అడగ్గానే దొరికే ఇళ్లు కావవి. పెళ్లయిన సైనికుల ఇళ్ల కొరత తీర్చడానికి దాదాపు 2 లక్షల ఇళ్లు లక్ష్యంగా 2002లో ప్రత్యేక ప్రాజెక్టునే చేపట్టాల్సి వచ్చిందంటే నిరీక్షణ జాబితా ఎంత పొడవో ఊహించుకోవచ్చు.

తెలుగు ఇళ్లలో తొలి కాన్పు వరకూ ఈ ప్రశ్నకు ఆచారమే జవాబు చెబుతుంది. బేసి నెల చూసుకుని, సాధారణంగా ఏడో నెలలో సీమంతం చేసి అమ్మాయిని పుట్టింటికి తీసుకెళతారు. పురుడు, బారసాల, పత్యం అన్నీ అక్కడే. సైన్యం అవసరానికి అతికినట్టు సరిపోయే ఏర్పాటిది. అల్లుడు ఎక్కడున్నా బిడ్డ అమ్మమ్మ చేతుల్లో పడుతుంది. ఇబ్బందల్లా రెండో కాన్పుతోనే. అప్పటికి పెద్దపిల్ల ఆర్మీ స్కూల్లో చదువుతుంటుంది. అమ్మమ్మకు ఓపిక తగ్గి ఉంటుంది. ఏడో నెలలో వెళ్లి బిడ్డకు మూడో నెల వచ్చేదాకా ఉండిపోవడం అప్పుడు కుదరని పని.

పుట్టింటికి వెళ్లడంలో మరో మెలిక ఉంది. సైనికుడి భార్యకు సర్వీసు ఆస్పత్రుల్లో వైద్యానికి హక్కుంది. కాన్పు ఖర్చంతా సైన్యానిదే. కానీ ఆ ఆస్పత్రులు దండు ఉన్నచోటే ఉంటాయి. తెలుగు నేల మీద చెప్పుకోదగ్గవి ప్రధానంగా సికింద్రాబాద్ మిలటరీ ఆస్పత్రి, విశాఖపట్నంలోని నౌకాదళ ఆస్పత్రి ‘కల్యాణి’. ఇంటింటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపినందుకు ‘మిలటరీ మాధవరం’ అని పేరు తెచ్చుకున్న పశ్చిమ గోదావరి గ్రామాన్నే తీసుకోండి. తాడేపల్లిగూడెం పక్కనున్న ఆ ఊరి నుంచి విశాఖ దాదాపు 240 కిలోమీటర్లు. నొప్పులు మొదలయ్యాక అంత దూరం ఎవరూ వెళ్లరు. దగ్గరున్న ప్రైవేటు నర్సింగ్ హోమే గతి. ముందస్తు సిఫారసు లేకుండా అక్కడ సిజేరియన్ అయితే బిల్లు సాధారణంగా సొంత జేబులోంచే కట్టాలి. ప్రభుత్వాస్పత్రిలో అయితే 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద కాన్పు, సిజేరియన్, మందులు, ఇంటికి చేర్చే వాహనం అన్నీ ఉచితం. సైనికుడి భార్యకూ అది వర్తిస్తుంది.

డబ్బు సంగతి అలా ఉంచితే, బదిలీలో నిజంగా తెగిపోయేది వైద్యం దారమే. గర్భిణి ప్రసవానికి ముందు కనీసం 8 సార్లు వైద్య సిబ్బందిని కలవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. వాటిలో కొన్నింటికి గడువుంటుంది. బిడ్డ అవయవాల తీరు చూసే స్కానింగ్ 18-20 వారాల మధ్య జరగాలి. గర్భంతో వచ్చే మధుమేహాన్ని పట్టుకునే పరీక్ష 24-28 వారాల మధ్య చేయాలి. తల్లిది ఆర్‌హెచ్ నెగెటివ్ రక్తమైతే 28వ వారం ప్రాంతంలో యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. బిడ్డది పాజిటివ్ అని తేలితే కాన్పయిన 72 గంటల్లోగా మరొకటి ఇవ్వాలి. సామాను కట్టి, రైలెక్కి, కొత్త చోట తాత్కాలిక గదిలో దిగి, క్వార్టరు కోసం ఎదురుచూసేలోగా ఐదారు వారాలు ఇట్టే కరిగిపోతాయి. పాత డాక్టరు కొత్త చోట చేయించుకుంటారులే అనుకుంటారు. కొత్త డాక్టరు పాత చోట చేసే ఉంటారు అనుకుంటారు. ఆ మధ్యలో ఒక పరీక్ష జారిపోతుంది. దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అలాంటి దేశంలో నెలన్నర పాటు ఐరన్ మాత్రలు ఆగినా, హిమోగ్లోబిన్ చూసేవారు లేకపోయినా నష్టమే.

అందుకే ఈ వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన వస్తువు ఒక నలిగిన ఫైలు. మాతా శిశు రక్షణ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, రక్తం గ్రూపు చీటీ, టీకాల తేదీలు, మొదటి కాన్పు ఆపరేషనైతే ఆ డిశ్చార్జి కాగితం. అనుభవమున్న ఫౌజీ ఇల్లాళ్లు దీన్ని పెట్టెలో వేయనివ్వరు, చేతిసంచిలోనే ఉంచుకుంటారు. పెట్టెలంటే మామూలు పెట్టెలు కావు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ తెల్లరంగుతో రాసి ఉండే నల్ల ట్రంకులు. ఓ సంసారం మొత్తం వాటిలో పడుతుంది. రైల్లోనో లారీలోనో వెళ్లిన సామాను మనిషి కన్నా వారం ఆలస్యంగా రావడం మామూలే. ఫైలు అందులో ఉంటే కొత్త ఆస్పత్రిలో చెప్పుకోవడానికి జ్ఞాపకం తప్ప ఏమీ ఉండదు. సైనిక ఆస్పత్రిలో పేరు నమోదయ్యేలోగా సందు పూడ్చుకోవడానికి మరో మార్గముంది. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద నాలుగో నెల దాటిన గర్భిణులను ప్రతి నెలా 9న ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగా పరీక్షిస్తారు. ఏ ఊరివారని అడగరు.

ఇక క్వార్టరు అప్పగింత ఓ చిన్నపాటి యుద్ధం. ఫౌజీ భాషలో దాన్ని ‘మార్చింగ్ ఔట్’ అంటారు. మిలటరీ ఇంజినీర్ సర్వీసెస్ మనిషి వచ్చి ఫ్యాన్లు, ట్యూబులైట్లు, కిటికీ అద్దాలు, కుళాయిలు లెక్కపెడతాడు. పగిలినవాటికి ‘బ్యారక్ డ్యామేజెస్’ పేరిట కోత పడుతుంది. భర్త ముందే వెళ్లిపోయి ఉంటే ఈ తతంగమంతా నెలలు నిండుతున్న ఇల్లాలి నెత్తినే పడుతుంది. బరువులెత్తొద్దని డాక్టరు చెప్పిన మనిషి పెట్టెల మధ్య నిలబడి పాత్రలు సర్దుతుంటుంది.

ప్రయాణం మరో పరీక్ష. విజయవాడ నుంచి జమ్మూకు రైల్లో రెండు రాత్రుళ్లు తక్కువ కాదు. గర్భిణులకు కింది బెర్తులు దక్కేలా రైల్వేలో కోటా ఉంది కానీ, అది ఉందని తెలిసినవారు తక్కువ. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే గర్భిణుల కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు మామూలువారి కన్నా ఎక్కువ. గంట, గంటన్నరకోసారి లేచి నడవాలి, నీళ్లు తాగాలి. రైలు మరుగుదొడ్డికి భయపడి నీళ్లు మానేయడమే చాలామంది చేసే పొరపాటు. విమానమైతే త్వరగా తేలిపోతుంది. అయితే 32 వారాలు దాటితే డాక్టరు ధ్రువపత్రం లేనిదే చాలా సంస్థలు ఎక్కనివ్వవు, 36 దాటితే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ప్రయాణానికి కాస్త సుఖమైన కాలం నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా. వేవిళ్లు తగ్గి ఉంటాయి, పొట్ట ఇంకా భారం కాదు. ఉత్తర్వులు మాత్రం ఆ లెక్క చూసుకుని రావు.

చేరిన చోట తొలి అడ్డంకి భాష. కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల అమ్మాయి తన నొప్పి ఎలాంటిదో, ఉమ్మనీరు పోతోందో లేదో హిందీలో చెప్పాల్సి వస్తుంది. పొత్తికడుపులో పట్టేసినట్టుందనడానికీ, పొడిచినట్టుందనడానికీ వైద్యంలో తేడా ఉంది. ఆ తేడా అనువాదంలో పోతుంది. 1966లో ఏర్పడిన ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్ లాంటి సంఘాలున్నాయి. కానీ అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది పక్క క్వార్టర్లోని పంజాబీ ఇల్లాలో, మలయాళీ నర్సమ్మో. ఊళ్లో అక్కా వదినా చేసే పని ఇక్కడ ముక్కూమొహం తెలియని మనిషి చేస్తుంది. ఆర్నెల్లలో ఆవిడకూ బదిలీ అవుతుంది.

మరి భర్త? జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. కాగితం మీద చూస్తే బోలెడు. కాన్పు తేదీ కోసం వాటిని దాచుకుంటారు. చిక్కేమిటంటే, డాక్టరు చెప్పిన తేదీనే పుట్టే బిడ్డలు ఇరవై మందిలో ఒక్కరుంటే గొప్ప. పది రోజులు ముందొస్తే తండ్రి ఇంకా రైలెక్కి ఉండడు. పది రోజులు ఆలస్యమైతే తిరుగు టికెట్ తేదీ వచ్చేస్తుంది. సరిహద్దు వేడెక్కితే అసలు సెలవులే ఉండవు. పార్లమెంటుపై దాడి తర్వాత 2001 డిసెంబరులో మొదలైన ఆపరేషన్ పరాక్రమ్ 2002 అక్టోబరు దాకా సాగింది. యుద్ధం జరగలేదు. కానీ సైన్యం కందకాల్లో ఉన్న ఆ పది నెలల్లో ఎన్నో ఇళ్లలో ఒక గర్భం నిలవడం మొదలు నెలలు నిండటం దాకా అన్నీ జరిగిపోయాయి.

యూనిఫాం వేసుకున్నది ఆమే అయినప్పుడు కథ మారుతుంది. నిజానికి ఒకప్పుడు గర్భం దాకా రానేవచ్చేది కాదు, పెళ్లితోనే ఉద్యోగం పోయేది. సికింద్రాబాద్ మిలటరీ ఆస్పత్రిలో 1985లో లెఫ్టినెంట్‌గా కమిషన్ పొందిన నర్సింగ్ అధికారిణి సెలీనా జాన్‌ను పెళ్లి చేసుకుందన్న కారణంతో 1988లో ఇంటికి పంపారు. అందుకు ఆధారమైన 1977 నాటి నిబంధనను 1995లో ఉపసంహరించుకున్నారు. ఆమెకు మాత్రం 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 60 లక్షల రూపాయల పరిహారం ఇప్పించేదాకా న్యాయం అందలేదు. మహిళా అధికారులకు ఇద్దరు బిడ్డల వరకూ ఒక్కో కాన్పుకు పూర్తి జీతంతో 180 రోజుల సెలవు ఉంది. అదే సౌకర్యాన్ని మహిళా సిపాయిలకు, నావికులకు, వైమానిక దళ సిబ్బందికి కూడా వర్తింపజేయడానికి 2023 నవంబరులో రక్షణ మంత్రి ఆమోదించారు. అధికారిణికి దక్కిన సెలవు సిపాయికి దక్కడానికి అన్నేళ్లు ఎందుకు పట్టిందో రక్షణ శాఖే చెప్పాలి.

పిల్లాడికి పదో తరగతి పరీక్షలుంటే తండ్రి బదిలీ అయినా కుటుంబం క్వార్టరు నిలుపుకోవడానికి అవకాశముంది. విద్యా సంవత్సరం అన్నది సైన్యానికి అర్థమయ్యే క్యాలెండర్. వైద్య కారణాల మీద కూడా అడగొచ్చు, బదిలీ వాయిదా కోరొచ్చు. కాకపోతే అది దరఖాస్తు, సిఫారసు, విచక్షణల వ్యవహారం. అధికారి భార్య ఆ దరఖాస్తును ఇంగ్లిష్‌లో రాయించగలదు, మరో అధికారికి ఫోన్ చేయించగలదు. జవాను భార్యకు ఆ దరఖాస్తు ఒకటుంటుందని కూడా తెలియకపోవచ్చు. ఆరో నెల దాటిన గర్భిణి ఉన్న ఇంటికి, అడిగినా అడగకపోయినా, కాన్పయి బాలింత తేరుకునేదాకా క్వార్టరు ఖాళీ చేసే పని లేకుండా చేస్తే సైన్యానికి పోయేదేమీ లేదు.

బిడ్డ పుట్టాక కాగితాల పని మళ్లీ మొదలవుతుంది. జననాన్ని పుట్టిన చోటే 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడిలో చేరడం మొదలు చాలా పనులకు ఆ సర్టిఫికెటే ఆధారం. దాన్ని తండ్రి యూనిట్‌కు పంపితే ‘పార్ట్ టూ ఆర్డర్’ వెలువడుతుంది. అది వచ్చేదాకా సైన్యం రికార్డుల్లో ఆ బిడ్డ లేనట్టే. తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఒకచోట, అత్తింటి ఇంటిపేరుతో మరోచోట ఉందంటే ఫైలు వెనక్కొస్తుంది. పురిటి మంచం మీంచి లేవకముందే గుంటూరు మున్సిపల్ ఆఫీసుకు తాతయ్య రెండోసారి బయలుదేరతాడు. ఈలోగా అల్లుడు మరో యూనిట్‌కు వెళ్లిపోయి ఉంటే, కవరు మీద ఏ చిరునామా రాయాలో ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి.