భార్యాభర్తలకు ఒకే ఆన్‌లైన్ కార్ట్: సౌలభ్యం ఎంత, చిక్కులు ఎన్ని?

నెల మొదట్లో కందిపప్పు, వంటనూనె, సబ్బులు అంటూ జాబితా రాసి కిరాణా కొట్టుకు పంపడం తెలుగు ఇళ్లలో పాత అలవాటు. ఆ కాగితంపై ఇంట్లో ఎవరైనా ఒక వస్తువు చేర్చవచ్చు, అక్కర్లేనిది కొట్టివేయవచ్చు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ కాగితం స్థానాన్ని షాపింగ్ యాప్‌లోని ‘కార్ట్’ ఆక్రమించింది. భార్య తన ఫోన్ నుంచి బియ్యం బస్తా చేరుస్తారు, భర్త తన ఫోన్ నుంచి పిల్లల నోటు పుస్తకాలు చేరుస్తారు, చివరకు ఇద్దరిలో ఒకరు డబ్బు చెల్లిస్తారు.

అయితే కాగితం జాబితాకూ కార్ట్‌కూ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. కాగితం మీద సరుకుల పేర్లు మాత్రమే ఉంటాయి. కార్ట్ వెనుక ఉన్న ఖాతాలో ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు, చెల్లింపు సాధనాలు, ఏళ్ల తరబడి కొన్న వస్తువుల చరిత్ర ఉంటాయి. కాబట్టి ఖాతా పాస్‌వర్డ్ ఇచ్చి కార్ట్‌ను పంచుకుంటే, నిజానికి ఆ ఖాతా మొత్తాన్నీ పంచుకున్నట్లే.

కార్ట్ ఎక్కడ ఉంటుంది?

చక్రాల బండిని తోసుకుంటూ సరుకులు ఏరుకునే పద్ధతి 1937లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో మొదలైంది. సిల్వన్ గోల్డ్‌మన్ అనే వ్యాపారి తన దుకాణాల్లో దాన్ని ప్రవేశపెట్టారు. ఆన్‌లైన్ దుకాణాలు వచ్చినప్పుడు అదే పేరు తెరపైకి చేరింది. తొలినాళ్లలో వెబ్‌సైట్లకు జ్ఞాపకశక్తి లేదు. ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళ్తే, అంతకు ముందు ఏం ఎంచుకున్నారో వాటికి తెలిసేది కాదు. ఈ లోటును తీర్చేందుకే 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లి ‘కుకీ’ని రూపొందించారు.

నేడు వినియోగదారులు లాగిన్ అయి ఉంటే, కార్ట్ ఫోన్‌లో కాకుండా సంస్థ సర్వర్‌లో, ఖాతాకు అనుసంధానమై ఉంటుంది. అందుకే ఒకే ఖాతాతో రెండు ఫోన్లలో లాగిన్ అయితే రెండింటిలోనూ ఒకే కార్ట్ కనిపిస్తుంది. ఒకరు తొలగించిన వస్తువు రెండోవారికీ మాయమవుతుంది. ఎవరు చేర్చారో, ఎవరు తీసివేశారో సాధారణంగా కార్ట్‌లో నమోదు కాదు.

మరో విషయం కూడా గుర్తుంచుకోవాలి. వస్తువును కార్ట్‌లో వేసినంత మాత్రాన అది మనకోసం పక్కన పెట్టినట్లు కాదు. చాలా వేదికల్లో ఆర్డర్ ఖరారు చేసే సమయానికి ఉన్న ధర, నిల్వలే వర్తిస్తాయి. ‘రాత్రికి మీరు చూసి చెప్పండి’ అని భార్య వేసి ఉంచిన వస్తువు ధర రాత్రికి మారవచ్చు, లేదా వస్తువే అయిపోవచ్చు.

డబ్బు ఒకరిది, ఓటీపీ మరొకరికి

పంచుకున్న కార్ట్‌లో మొదటి చిక్కు చెల్లింపు దగ్గరే వస్తుంది. భారత్‌లో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణ తప్పనిసరి అనే నిబంధనను భారతీయ రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి అమల్లోకి తెచ్చింది. దానివల్ల భర్త పేరిట ఉన్న కార్డుతో భార్య కొనుగోలు చేస్తే, ఓటీపీ భర్త ఫోన్‌కు వెళ్తుంది. ఆయన గల్ఫ్‌లో పనిలోనో, కర్మాగారంలో రాత్రి షిఫ్టులోనో ఉంటే ఇంట్లో కొనుగోలు ఆగిపోతుంది. ఆ ఇబ్బంది తప్పించుకునేందుకు కొందరు దంపతులు కార్డుతోపాటు పిన్ కూడా ఒకరికొకరు చెప్పుకుంటారు.

దాని పర్యవసానం ఏమిటో బెంగళూరు వినియోగదారుల న్యాయస్థానం 2018లో ఇచ్చిన ఒక తీర్పు చెబుతుంది. 2013లో ప్రసూతి సెలవులో ఉన్న ఒక మహిళ తన డెబిట్ కార్డు, పిన్ భర్తకు ఇచ్చి ఏటీఎంకు పంపారు. యంత్రం నుంచి నగదు రాలేదు, ఖాతా నుంచి మాత్రం 25 వేల రూపాయలు తగ్గినట్లు చీటీ వచ్చింది. ఆ డబ్బు కోసం ఆమె ఏళ్ల తరబడి పోరాడారు. పిన్‌ను మరొకరికి ఇవ్వరాదన్న నిబంధనను బ్యాంకు ప్రస్తావించగా, న్యాయస్థానం ఆ వాదనతో ఏకీభవించింది. ఆ ‘మరొకరు’ సొంత భర్తే అయినా ఫలితం మారలేదు.

2017 జులై 6న రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఉత్తర్వు కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. చెల్లింపు వివరాలను ఖాతాదారే ఇతరులకు చెప్పడం వంటి నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టమంతా ఖాతాదారుదే. బ్యాంకు తప్పు, ఖాతాదారు తప్పు రెండూ లేకుండా మరెక్కడో లోపం వల్ల మోసం జరిగితే మాత్రం, సమాచారం అందిన 3 పనిదినాల లోపు ఫిర్యాదు చేసినవారికి ఎలాంటి భారం ఉండదు.

పిన్ చెప్పకుండా అధికారం ఇవ్వడం ఎలా?

ఈ ఇబ్బందికి ఒక పరిష్కారంగా 2024 ఆగస్టులో ‘యూపీఐ సర్కిల్’ వచ్చింది. ఇందులో బ్యాంకు ఖాతా ఉన్న వ్యక్తి, తాను నమ్మిన మరొకరికి తన ఖాతా నుంచి చెల్లించే వీలు కల్పించవచ్చు. పిన్ చెప్పాల్సిన అవసరం లేదు. ఒక ప్రధాన వినియోగదారు గరిష్ఠంగా అయిదుగురిని చేర్చుకోవచ్చు.

ఇది రెండు రకాలు. పూర్తి అధికారం ఇచ్చే పద్ధతిలో నెలకు గరిష్ఠంగా 15 వేల రూపాయల వరకు పరిమితి పెట్టవచ్చు, ఒక్కో లావాదేవీ 5 వేలు దాటకూడదు. పాక్షిక అధికారంలో అయితే రెండోవారు చెల్లింపును ప్రారంభిస్తారు, ప్రధాన వినియోగదారు తన పిన్ నమోదు చేస్తేనే అది పూర్తవుతుంది.

సౌలభ్యం ఉన్నచోటే ఒక ప్రశ్న కూడా ఉంది. ఈ లావాదేవీల వివరాలు ప్రధాన వినియోగదారుకు తెలుస్తాయి. పాక్షిక పద్ధతిలోనైతే ప్రతి కొనుగోలుకూ ఆయన లేదా ఆమె అనుమతి కావాలి. ఇంటి ఖర్చుకు ఇది క్రమశిక్షణ కావచ్చు. కానీ సొంత ఆదాయం లేని భాగస్వామికి, పాల ప్యాకెట్ నుంచి లోదుస్తుల వరకు ప్రతిదానికీ అనుమతి అడగవలసిన స్థితిగా కూడా మారవచ్చు.

పోపుల డబ్బా ఎక్కడికి పోయింది?

ఇంటి ఖర్చులో మిగిల్చిన డబ్బును పోపుల డబ్బాలో దాచుకోవడం తెలుగు ఇల్లాళ్లకు తరతరాల అలవాటు. ఆ డబ్బుకు లెక్క అడిగేవారు ఉండరు. పుట్టింటి అవసరమో, పిల్లల ఫీజో, తనకు నచ్చిన చీరో, దాన్ని దేనికి వాడాలన్నది ఆమె ఇష్టం. ఒకే ఖాతా, ఒకే కార్ట్ ఉన్న ఇంట్లో ఆ చిన్న చాటు ఉండదు. ఏ మందు కొన్నారు, ఏ పుస్తకం చూశారు, ఎవరి చిరునామాకు బహుమతి పంపారు అన్నవన్నీ ఆర్డర్ల చరిత్రలో కనిపిస్తాయి. పుట్టినరోజున ఆశ్చర్యపరచాలనుకున్న కానుక కూడా వారం ముందే నోటిఫికేషన్ రూపంలో బయటపడుతుంది.

ఖాతా ఎవరి పేరిట ఉన్నదన్నది కూడా చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్నవారు దాదాపు 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 33 శాతమైతే, పురుషుల్లో అది 57 శాతం. ఫోన్, ఖాతా, ఓటీపీ మూడూ భర్త చేతిలోనే ఉన్న ఇంట్లో ‘ఉమ్మడి కార్ట్’ అనేది పేరుకు మాత్రమే ఉమ్మడి.

చట్టం ఏం చెబుతోంది?

పెళ్లయినంత మాత్రాన భార్యాభర్తల సంపాదన, కొనుగోళ్లు వాటంతట అవే ఉమ్మడి ఆస్తి కావు. పోర్చుగీసు కాలం నాటి పౌరస్మృతి కొనసాగుతున్న గోవా దీనికి మినహాయింపు. ఆన్‌లైన్ కొనుగోళ్లలో ఈ తేడా ఆచరణలో తెలుస్తుంది. ఆర్డర్ రద్దయితే డబ్బు సాధారణంగా ఏ కార్డు నుంచి వెళ్లిందో ఆ కార్డుకే తిరిగి వస్తుంది. రసీదు ఎవరి పేరిట ఉంటే వారంటీ, ఫిర్యాదు విషయాల్లో వారే ముందుకు రావలసి ఉంటుంది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఒక వ్యక్తి సొంత లేదా గృహ అవసరాలకు చేసే డేటా వినియోగానికి వర్తించదు. అంటే భార్య ఆర్డర్ల చరిత్రను భర్త చూశారనో, భర్తది భార్య చూశారనో ఈ చట్టం కింద ఫిర్యాదు చేసే వీలు దాదాపు లేదు. కానీ మరొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడటం సమాచార సాంకేతిక చట్టంలోని 66సీ సెక్షన్ ప్రకారం నేరం. దీనికి మూడేళ్ల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. ఈ సెక్షన్‌లో జీవిత భాగస్వామికంటూ ప్రత్యేక మినహాయింపు లేదు.

డబ్బును ఆయుధంగా వాడటాన్ని 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ‘ఆర్థిక హింస’గా గుర్తించింది. ఇంటి అవసరాలకు, తనకు హక్కుగా రావలసిన వనరులు మహిళకు అందకుండా చేయడం దీని పరిధిలోకి వస్తుంది. ఇలాంటి పరిస్థితుల్లో ఉన్నవారు 181 మహిళా సహాయవాణిని సంప్రదించవచ్చు.

ఇద్దరూ చూస్తున్నా జారిపోయేవి

ఒకే కార్ట్‌ను ఇద్దరు వాడినప్పుడు, తెలియకుండా చేరే వస్తువులను గుర్తించడం కష్టం. ‘అది ఆవిడ వేసి ఉంటుంది’ అని ఒకరు, ‘ఆయన వేశారేమో’ అని మరొకరు అనుకుంటారు. చెల్లించే సమయంలో విరాళం, బీమా వంటివి వినియోగదారు అనుమతి లేకుండా బిల్లులో చేర్చడాన్ని ‘బాస్కెట్ స్నీకింగ్’ అంటారు. 2023 నవంబర్ 30న కేంద్ర ప్రభుత్వం జారీ చేసిన మార్గదర్శకాలు ఇలాంటి 13 మోసపు ఎత్తుగడలను నిషేధించాయి. ‘ఇంకా రెండే మిగిలాయి’ అంటూ లేని తొందర పుట్టించడం, చందా రద్దు చేసుకోవడాన్ని కష్టతరం చేయడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. వీటిపై 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయవాణిలో ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు మోసపోతే వెంటనే 1930 నంబరుకు తెలియజేయాలి.

విడిపోయినప్పుడు మరింత జాగ్రత్త

దంపతులు విడిగా ఉండటం మొదలుపెట్టినప్పుడు బ్యాంకు ఖాతాలు, నగలు గుర్తొచ్చినంతగా షాపింగ్ ఖాతా గుర్తుకు రాదు. పాత ఖాతాలో కొత్త చిరునామా చేరిస్తే, ఆ ఖాతా తెరవగల ప్రతి ఒక్కరికీ ఆ చిరునామా తెలిసిపోతుంది. హింస నుంచి తప్పించుకుని వేరే ఊరు వెళ్లిన మహిళకు ఇది ప్రాణాపాయం కూడా కావచ్చు. అలాంటివారు పాత ఖాతాను సరిచేసుకోవడం కంటే, కొత్త ఫోన్ నంబరు, కొత్త ఈమెయిల్‌తో కొత్త ఖాతా తెరవడమే క్షేమం.

సామరస్యంగా విడిపోయినవారు కూడా పాస్‌వర్డ్ మార్చుకుని, ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ చేయాలి. భద్రపరచిన కార్డులను తొలగించాలి. యూపీఐ ఆటోపే అనుమతులు, యూపీఐ సర్కిల్ సభ్యత్వాలు యాప్‌లో విడిగా ఉంటాయి కాబట్టి వాటినీ రద్దు చేయాలి. దుకాణాలు కార్డు నంబర్లను నేరుగా దాచుకోవడానికి 2022 అక్టోబర్ 1 నుంచి వీలు లేదు. వాటి స్థానంలో ‘టోకెన్’ ఉంటుంది. దానివల్ల నంబరు బయటపడే ముప్పు తగ్గింది కానీ, అదే ఖాతాలో ఉన్న మరొకరు ఆ కార్డును ఎంచుకోకుండా టోకెన్ ఆపలేదు.

ఏది పంచుకోవాలి, ఏది వద్దు?

చాలా ఇళ్లకు సరిపోయే మధ్యేమార్గం ఒకటుంది. ఖాతాను కాకుండా జాబితాను పంచుకోవాలి. కొన్ని షాపింగ్ వేదికలు కోరికల జాబితాలోకి మరొకరిని ఆహ్వానించే వీలు కల్పిస్తున్నాయి. అది లేకపోతే ఫోన్‌లోని నోట్స్ యాప్, చివరకు వాట్సాప్ సందేశం కూడా ఆ పని చేస్తాయి. ఎవరి ఖాతా వారిదిగా ఉంటుంది, ఇంటి సరుకుల ఖాతా ఒక్కటే ఉమ్మడిగా ఉంటుంది.

దానితోపాటు దంపతులు మూడు విషయాలు ముందే మాట్లాడుకోవడం మంచిది. ఎంత మొత్తం దాటితే ఒకరినొకరు అడగాలి? ఇంటి సరుకుల డబ్బు ఏ ఖాతా నుంచి వెళ్లాలి? ఎవరికి వారు లెక్క చెప్పనక్కర్లేకుండా ఖర్చు చేసుకునే మొత్తం ఎంత? ఈ మూడో ప్రశ్నకు ఇద్దరికీ ఒకే జవాబు ఉండటం ముఖ్యం. సంపాదిస్తున్నది ఒక్కరే అయిన ఇంట్లో అది మరీ ముఖ్యం.