పంచాయతీ మందిరమునకు చల్లగాలి గొట్టములు

2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. ఎండలు ముదిరిన దినములలో వృద్ధులు, పసిపిల్లలు పగటివేళ తలదాచుకొనుటకు గ్రామములోని సామూహిక మందిరమును చల్లగా నుంచవలెనను ఆలోచన పంచాయతీ సభ్యులకు కలుగుట సహజము.

ఇందుకై మందిరము వెలుపల పెద్ద నీటి కూలరునుగాని, ఏ.సి. యంత్రమునుగాని నిలిపి, గాలిని గొట్టముల ద్వారా లోనికి తెచ్చెదరు. తెలంగాణ, రాయలసీమల పొడి ఎండలకు నీటి కూలరు చాలవరకు సరిపోవును. సముద్రతీరపు ఉక్కలో దాని ప్రభావము తక్కువ. యంత్రము పేరును గురించియు, ధరను గురించియు సభలో ఎంతో చర్చ జరుగును. గొట్టములను గురించి అడుగువారు అరుదు. కాని మూలన కూర్చున్న ముసలమ్మ వరకు చల్లదనము చేరునో లేదో చాలవరకు తేల్చునవి అవియే.

ప్రధానమైన గొట్టము సాధారణముగా జింకుపూత రేకుతో చేయబడును. దాని నుండి కప్పులోని జాలీలకు పోవు కొమ్మలు వంగు గొట్టములు. పనివారు వీనిని ఫ్లెక్సిబుల్ డక్టులందురు. లోపల పలుచని పొర, దానిని గుండ్రముగా నిలుపు ఉక్కుతీగ చుట్ట, దానిపై గాజు ఊలు దుప్పటి, అన్నిటికి పైన వెండివలె మెరయు పొర యుండును. ఈ పైపొర అలంకారమునకు కాదు. బయటి గాలిలోని తేమ చల్లని లోపొరను తాకి నీరుగా మారకుండ కాపాడునది అదియే. అది చిరిగినచో ఊలు తడిసి, బూజుపట్టి, కప్పు నుండి నీటిచుక్కలు రాలును. ఏ.సి. గొట్టమునకు దుప్పటి తప్పనిసరి. కాగిన రేకుకప్పు క్రిందుగా పోవునపుడు కూలరు గొట్టమునకును అది యుండుట మేలు.

ఎన్నికలో ముఖ్యము వ్యాసము. 10 అంగుళముల గొట్టమునకు బదులు 8 అంగుళములది వేసి, అంతే గాలిని పంపజూచినచో రాపిడి సుమారు 3 రెట్లగును. పంకా దానిని నెట్టజాలక గాలియే తగ్గిపోవును. కనుక అంచనాలో వ్రాసిన వ్యాసమును టేపుతో కొలిచి చూడవలెను.

అమరికలో జరుగు పెద్ద తప్పు, గొట్టమును పూర్తిగా సాగదీయకుండుట. మిగిలిన రెండు మూరలను కోయుటకు మనసొప్పక పనివాడు దానిని ముడుతలుగా లోనికి తోయును. నూటికి 15 వంతులు కుదించుకొనిపోయినను రాపిడి సుమారు రెట్టింపగును. గొట్టమునకు నాలుగడుగుల కొకచోట అంగుళమున్నర వెడల్పు గల పట్టీ యుండవలెను. సన్నని తీగతో కట్టినచో అది నొక్కుకొనిపోవును. రెండు పట్టీల నడుమ వ్రేలాడుట రెండంగుళములు మించరాదు. వంపు విశాలముగా నుండవలెను. అతుకు వద్ద లోపొరకు వేరుగా, పైపొరకు వేరుగా పట్టీ బిగింపవలెను. డక్టు టేపు అని అమ్ముడగు గుడ్డ టేపు డక్టుల అతుకులకే నిలువదని 1998లో అమెరికాలోని లారెన్స్ బర్క్లీ ప్రయోగశాల పరీక్షలలో తేలినది! అల్యూమినియము రేకు టేపును కోరుడు.

ఇవన్నియు ఫాల్స్ సీలింగు మూయక మునుపే చూడవలెను. మూసి, బిల్లు చెల్లించిన పిదప కనబడునది జాలీ మాత్రమే.

కూలరు నడచునపుడు ఎదుటి కిటికీలు తెరచి యుంచవలెను. చల్లదనము పోవునని మూసివేసినచో గాలికి దారి లేక ఉక్క పెరుగును. ఏటేట ఫాల్గుణములో జాలీలు విప్పి, టార్చిలైటుతో లోపల చూడవలెను. ఎలుకలు గాజు ఊలులో గూళ్లు పెట్టుట కలదు. కర్రతో పొడిచి దులిపినచో లోపొర చిరుగును. పైపొర చిరుగులకు రేకు టేపు వేయవచ్చును. తడిసి బూజుపట్టిన ముక్కను మాత్రము తీసివేసి క్రొత్తది వేయవలెను. ఆ ఊలును ముట్టువారు ముక్కునకు గుడ్డయు, చేతులకు తొడుగులును ధరింపవలెను. వేసవి ముగియగానే కూలరు తొట్టి ఖాళీచేసి, గడ్డిపలకలు ఆరిన పిమ్మట గొట్టపు మూతిని మూసి యుంచవలెను.